హెర్-2 రొమ్ము క్యాన్సర్‌లో నానోబాడీ స్కాన్: తరచుగా అడిగే ప్రశ్నలు

హెర్-2 పాజిటివ్ రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్నవారు, వారి ఇంటివారు, నర్సింగ్, ఫార్మసీ చదువుతున్న విద్యార్థులు ఒకే రకమైన సందేహాలను మళ్లీ మళ్లీ అడుగుతున్నందువల్ల వాటిని దశలవారీగా ఇక్కడ చేర్చాము. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టి చదివినా జవాబు అక్కడికక్కడే పూర్తవుతుంది. ముందుగా గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. ఒంటె జాతి జంతువుల యాంటీబాడీ నుంచి తీసుకున్న నానోబాడీ అనే చిన్న తునకకు రేడియోధార్మిక పదార్థం తగిలించి, ఒంట్లోకి ఎక్కించి తీసే ఈ స్కాన్ ఇంకా పరిశోధన దశలోనే ఉంది. అది చెప్పేది కూడా ఒక్కటే: పరీక్ష చేసిన రోజున ఒంట్లో ఏ గడ్డ మీద హెర్-2 ఉంది, ఏ గడ్డ మీద లేదు అని. అంతకు మించి ఆశించడం ఎంత పొరపాటో, ఆ ఒక్క సమాచారాన్ని తేలిగ్గా తీసుకోవడమూ అంతే పొరపాటు.

## వ్యాధి నిర్ధారణ దశలో వచ్చే ప్రశ్నలు

రిపోర్టులో "హెర్-2 పాజిటివ్, 3+" అని రాశారు. దాన్ని దూకుడు క్యాన్సర్ అని ఎందుకంటారు?

హెర్-2 అనేది కణం పైపొర మీద ఉండే ఒక ప్రొటీను. దాన్ని తయారుచేసే జన్యువు 17వ క్రోమోజోము మీద ఉంటుంది. మామూలు రొమ్ము కణం మీద ఈ ప్రొటీన్లు సుమారు 20 వేలు ఉంటాయి. జన్యువు ప్రతులు లెక్కకు మించి పెరిగిన క్యాన్సర్ కణం మీద అవి 20 లక్షల దాకా ఉండవచ్చు. విభజన చెందమనే సంకేతం కణానికి ఆగకుండా అందుతూనే ఉంటుంది కాబట్టి గడ్డ త్వరగా పెరుగుతుంది, త్వరగా పాకుతుంది. రొమ్ము క్యాన్సర్లలో దాదాపు 15 నుంచి 20 శాతం ఈ రకానివే.

పాథాలజీ ల్యాబ్‌లో బయాప్సీ ముక్కను పలచగా కోసి, ఐహెచ్‌సీ అనే పద్ధతిలో రంగు వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. 10 శాతానికి మించిన క్యాన్సర్ కణాలకు అంచు చుట్టూ గోధుమరంగు గీత చిక్కగా, ఎక్కడా తెగకుండా కనిపిస్తే 3+ అంటారు. 2+ అయితే సందేహం మిగిలినట్టు లెక్క. అప్పుడు ఫిష్ పరీక్షతో జన్యువు ప్రతులను లెక్కపెట్టి తేలుస్తారు.

హెర్-2 జన్యువు ప్రతులు పెరిగిన రోగుల్లో జబ్బు త్వరగా తిరగబెడుతుందని డెన్నిస్ స్లేమన్ బృందం 1987లో ప్రకటించింది. 1998లో అమెరికాలో హెర్-2ను పట్టుకునే యాంటీబాడీ మందు ట్రాస్టుజుమాబ్‌కు అనుమతి వచ్చాక, జబ్బును ముదరబెట్టే ఆ ప్రొటీనే మందుకు గురి అయింది. అందువల్ల దూకుడు రకం అన్న మాట విని ధైర్యం కోల్పోనక్కరలేదు.

బయాప్సీలో హెర్-2 ఉందని తేలింది కదా, ఇంకా స్కాన్‌తో పనేముంది?

చాలామందికి నిజంగానే పని ఉండదు. గడ్డ రొమ్ముకే పరిమితమై, బయాప్సీ ఫలితం స్పష్టంగా ఉన్నప్పుడు చికిత్స నిర్ణయానికి అది చాలు. జబ్బు ఎముకలకో, ఊపిరితిత్తులకో, కాలేయానికో పాకినప్పుడు లెక్క మారుతుంది. సూది ఒక గడ్డలోని ఒక మూల నుంచే ముక్క తీస్తుంది. మిగతా గడ్డలు కూడా అలాగే ఉన్నాయన్నది మన ఊహ మాత్రమే. మొదటి గడ్డలో హెర్-2 నిండుగా ఉండి, పాకిన చోట తగ్గిపోవడం, కొన్నిసార్లు పూర్తిగా లేకపోవడం వైద్యులకు అనుభవంలో ఉన్న విషయమే. ఒకే గడ్డలో ఒక పక్క ఉండి మరో పక్క లేకపోవచ్చు. చికిత్స నడుస్తుండగా మార్పు రావచ్చు. అన్ని గడ్డల నుంచీ ముక్కలు తీయడం సాధ్యం కాదు. వెన్నుపూసలో లోతుగా ఉన్నదాన్నీ, మెదడులో ఉన్నదాన్నీ సూదితో తాకడానికి వైద్యులు వెనకాడతారు.

ఈ తేడాలు ఎంతగా ఉండవచ్చో జెఫిర్ అనే ఐరోపా అధ్యయనం చూపించింది. అందులో విశ్లేషించిన 56 మందీ బయాప్సీ ప్రకారం హెర్-2 పాజిటివ్ రోగులే. వారికి జిర్కోనియం-89 అనే రేడియోధార్మిక లోహం తగిలించిన ట్రాస్టుజుమాబ్‌తో స్కాన్ చేసినప్పుడు 29 శాతం మంది ఫలితం నెగటివ్‌గా వచ్చింది. 2016లో వెలువడిన ఆ అధ్యయనంలో వాడింది చిన్న తునకను కాదు, పూర్తి యాంటీబాడీని. అయినా ఒక్క ముక్క చూసి ఒళ్లంతటికీ తీర్పు చెప్పడంలో ఉన్న ఇబ్బందిని అది బాగా బయటపెట్టింది.

మాకు ఇప్పటికే పెట్ స్కాన్ తీశారు. ఇదీ అదీ ఒకటే కాదా?

యంత్రం అదే, ఎక్కించే పదార్థం వేరు. మామూలు పెట్ స్కాన్‌లో ఎఫ్‌డీజీ అనే రేడియోధార్మిక చక్కెరను ఎక్కిస్తారు. ఎక్కువ గ్లూకోజును లాక్కునే కణాలన్నీ అందులో వెలుగుతాయి. క్యాన్సర్‌తో పాటు ఇన్‌ఫెక్షన్, మానుతున్న గాయం, క్షయ గ్రంథులు కూడా వెలగవచ్చు. వెలిగిన గడ్డ మీద హెర్-2 ఉందో లేదో మాత్రం ఎఫ్‌డీజీ చెప్పలేదు.

## వాడే అణువు గురించి

ఒంటెకూ రొమ్ము క్యాన్సర్‌కూ సంబంధమేమిటి?

మన రక్తంలోని మామూలు యాంటీబాడీలో రెండు బరువు గొలుసులు, రెండు తేలిక గొలుసులు ఉంటాయి. శత్రువును పట్టుకునే కొస ఈ రెండు రకాల గొలుసులూ కలిస్తేనే ఏర్పడుతుంది. బ్రస్సెల్స్‌లోని ఫ్రైయె విశ్వవిద్యాలయంలో రేమండ్ హామర్స్ బృందం ఒంటెల రక్తాన్ని పరిశీలించి, తేలిక గొలుసులు అసలే లేని యాంటీబాడీలు కూడా వాటిలో ఉన్నాయని 1993లో ప్రకటించింది. లామా, అల్పాకా జంతువుల్లోనూ అవి ఉంటాయి. ఆ యాంటీబాడీల్లో పట్టుకునే పనంతా కొసన ఉన్న ఒకే ఒక భాగం చేస్తుంది. ఆ భాగాన్ని విడదీసినా పట్టు చెడదు. దాన్నే నానోబాడీ అంటున్నారు.

తయారీలో ఒంటె పాత్ర మొదట్లోనే ముగుస్తుంది. హెర్-2 ప్రొటీనును ఒంటెకో లామాకో టీకాలా ఇచ్చి, కొన్ని వారాల తరువాత కొద్దిగా రక్తం తీస్తారు. అందులో యాంటీబాడీలను తయారుచేసే బి-కణాల నుంచి జన్యు సమాచారాన్ని సేకరించి, బ్యాక్టీరియాను ఆశ్రయించి బతికే ఫేజ్ వైరస్‌ల పైపొర మీద లక్షలాది రకాల నానోబాడీలను ప్రదర్శింపజేస్తారు. హెర్-2 పూసిన పళ్లెం మీద వాటిని వదిలి, కడిగి, అంటుకుని మిగిలినవాటిని ఏరుతారు. ఇలా కొన్ని విడతలు ఏరాక మిగిలిన మేలైన రకాన్ని ఈ.కోలై బ్యాక్టీరియాలోనో ఈస్ట్‌లోనో పండిస్తారు. రోగికి ఎక్కించేది ఒంటె రక్తం కాదు, ల్యాబ్‌లో శుద్ధిచేసిన ప్రొటీను.

తునక అంటే ఎంత చిన్నది? చిన్నదైతే లాభమేమిటి?

పూర్తి యాంటీబాడీ బరువు సుమారు 150 కిలోడాల్టన్లు (అణువుల బరువుకు వాడే కొలమానం). దాని నుంచి తీసే ఫ్యాబ్ తునక దాదాపు 50, సింగిల్ చెయిన్ తునక 25 నుంచి 28, నానోబాడీ 12 నుంచి 15 కిలోడాల్టన్లు ఉంటాయి. కిడ్నీల వడపోత సుమారు 60 కిలోడాల్టన్ల లోపు ప్రొటీన్లను వదిలేస్తుంది కాబట్టి, గడ్డకు అంటుకోని నానోబాడీ రక్తంలో తిరుగుతూ ఉండిపోకుండా త్వరగా మూత్రంలోకి వెళ్లిపోతుంది.

లాభమంతా అక్కడే ఉంది. పట్టపగలు మిణుగురు కనిపించనట్టే, రక్తమంతా రేడియోధార్మికతతో నిండి ఉన్నంతసేపూ గడ్డ నుంచి వచ్చే సంకేతం తేలిపోతుంది. బ్రస్సెల్స్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 20 మంది మహిళలపై జరిపి 2016లో ప్రచురించిన మొదటి దశ పరీక్షలో, ఎక్కించిన గంటకల్లా రక్తంలో దాదాపు 10 శాతమే మిగిలింది. అందుకే అదే రోజు చిత్రం తీయగలిగారు. చిన్న అణువు గడ్డ లోపలి పొరలకు కూడా సులువుగా చొచ్చుకుపోతుంది.

ట్రాస్టుజుమాబ్ ఎలాగూ హెర్-2ను పట్టుకుంటుంది. దానికే రేడియోధార్మికత తగిలిస్తే సరిపోదా?

తగిలించి చూశారు, పనిచేస్తుంది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ బృందం 2010లో జిర్కోనియం-89 ట్రాస్టుజుమాబ్ ఫలితాలను ప్రచురించింది. అయితే పూర్తి యాంటీబాడీ రక్తంలో రోజుల తరబడి తిరుగుతుంది. మంచి చిత్రం రావాలంటే ఇంజెక్షన్ ఇచ్చాక 4, 5 రోజులు ఆగాలి. అన్నాళ్లు నిలిచే రేడియోధార్మిక పదార్థాన్నే వాడవలసి రావడం వల్ల ఒంటికి తగిలే మోతాదు రేడియేషన్ కొలమానంలో సుమారు 18 మిల్లీసీవర్ట్‌ల దాకా పోతుంది. ఊరి నుంచి వచ్చిన మనిషి ఇంజెక్షన్‌కు ఒకసారి, స్కాన్‌కు మరోసారి ప్రయాణం చేయాలి, లేదా నగరంలోనే వారం పాటు గది తీసుకోవాలి. శాస్త్రీయ లెక్కల్లో కనబడని ఈ ఖర్చు రోగికి చిన్నదేమీ కాదు.

నేను ఇప్పటికే ట్రాస్టుజుమాబ్ తీసుకుంటున్నాను. చోటంతా అదే ఆక్రమించి ఉంటే స్కాన్ ఏం చూపిస్తుంది?

ఈ సందేహం సహేతుకమైనదే. జవాబు మాత్రం ఏ నానోబాడీ వాడారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. కణం బయట ఉండే హెర్-2 భాగంలో నాలుగు విభాగాలున్నాయి. ట్రాస్టుజుమాబ్ నాలుగో విభాగాన్ని, పెర్టుజుమాబ్ అనే మరో హెర్-2 మందు రెండో విభాగాన్ని పట్టుకుంటాయి. బ్రస్సెల్స్ బృందం ఎంచుకున్న 2ఆర్‌ఎస్15డి అనే నానోబాడీ మొదటి విభాగాన్ని పట్టుకుంటుంది. మూడింటికీ మూడు వేర్వేరు చోట్లు ఉన్నందువల్ల, సూత్రప్రకారం చికిత్స మధ్యలో కూడా చిత్రం తీయవచ్చు. చికిత్స వల్ల కణం పైపొర మీద హెర్-2 తగ్గితే సంకేతమూ తగ్గుతుంది, దాన్ని తప్పుడు ఫలితం అనలేం.

గాలియం-68 అంటే ఏమిటి? దాన్నే ఎందుకు వాడతారు?

గాలియం-68 పెట్ యంత్రం గుర్తించేందుకు వీలుగా పాజిట్రాన్ అనే కణాలను వెలువరించే రేడియోధార్మిక లోహం. దాని అర్ధాయువు, అంటే రేడియోధార్మికత సగానికి తగ్గే కాలం, 68 నిమిషాలు. నానోబాడీ గంట, గంటన్నరలో గడ్డను చేరి మిగతా చోట్ల ఖాళీ అవుతుంది కాబట్టి రెండింటి గడియారాలూ కుదురుతాయి. లోహాన్ని పట్టి ఉంచే నోటా వంటి రసాయన పంజాను ముందుగానే నానోబాడీకి అతికిస్తారు. 271 రోజుల అర్ధాయువున్న జెర్మేనియం-68 నిండిన చిన్న జనరేటరు ఆసుపత్రిలో ఉంటే, రేడియోధార్మిక పదార్థాలను తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం లేకుండానే నెలల తరబడి గాలియంను పిండుకోవచ్చు. అర్ధాయువు 110 నిమిషాలున్న ఫ్లోరిన్-18తోనూ, పెట్ యంత్రం లేని చోట గామా కెమెరాకు సరిపోయే టెక్నీషియం-99ఎంతోనూ పరిశోధనలు సాగుతున్నాయి. షాంఘైలో ఎన్‌ఎం-02 అనే నానోబాడీని టెక్నీషియంతోనే రోగుల్లో పరీక్షించారు. ఖర్చు దృష్ట్యా మన దేశానికి ఆ దారి ఎక్కువ పనికొస్తుందని మా అభిప్రాయం.

## స్కాన్ రోజు గురించి

ఎంతసేపు పడుతుంది? పరగడుపున రావాలా?

చేతి నరంలోకి ఇంజెక్షన్ ఇచ్చాక గంట నుంచి గంటన్నర ఆగి చిత్రం తీస్తారు. మొత్తం ఒక పూట పని. ఎఫ్‌డీజీ స్కాన్‌లో పరగడుపు నియమం రక్తంలోని చక్కెర కోసం పెట్టినది. నానోబాడీ గ్లూకోజుతో పోటీపడదు కాబట్టి ఆ కారణం ఇక్కడ వర్తించదు. అయినా పరిశోధన నిర్వహించేవారు తమ నియమావళిలో ఏది రాసుకుంటే అదే పాటించాలి. నీళ్లు బాగా తాగి, స్కాన్‌కు ముందు మూత్రవిసర్జన చేయమంటారు.

రేడియేషన్ ఎంత తగులుతుంది?

బ్రస్సెల్స్ పరీక్షలో ఒక్కో రోగికి సగటున 4.6 మిల్లీసీవర్ట్‌లు తగిలాయి. మామూలు ఎఫ్‌డీజీ ఇంజెక్షన్‌తో తగిలే మోతాదు సుమారు 7. ప్రకృతి నుంచి మనిషికి ఏడాది పొడవునా అందే ప్రపంచ సగటు 2.4. అయితే పెట్‌తో కలిపి తీసే సీటీ స్కాన్ మోతాదు దీనికి అదనం, ఒక్కోసారి అదే ఎక్కువగా ఉంటుంది.

జంతువు నుంచి వచ్చిన ప్రొటీను కదా, అలర్జీ రాదా?

మొదటి దశ పరీక్షలోని 20 మందిలో మందు వల్ల దుష్ప్రభావాలేవీ కనిపించలేదు. ఇచ్చే పరిమాణం అతి స్వల్పం కావడం ఒక కారణం. 0.01, 0.1, 1 మిల్లీగ్రాముల చొప్పున మూడు మోతాదులను అందులో పోల్చి చూశారు. నానోబాడీ నిర్మాణం మనిషి యాంటీబాడీలోని అదే భాగానికి చాలా దగ్గరగా ఉండడం మరో కారణం. కాప్లాసిజుమాబ్ అనే నానోబాడీ మందు ఒక అరుదైన రక్తవ్యాధికి 2018లో ఐరోపాలో, 2019లో అమెరికాలో అనుమతి పొంది వాడుకలో ఉంది. అంటే ఈ జాతి అణువులు వైద్యానికి పూర్తిగా కొత్తవి కావు. గతంలో ఏ ఇంజెక్షన్‌కైనా తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే మాత్రం ముందే చెప్పాలి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు చేయించుకోవచ్చా?

గర్భిణులను ఇలాంటి పరిశోధనల్లో చేర్చుకోరు. పాలిచ్చే తల్లి ఆ సంగతి ముందుగా తెలియజేయాలి. చేర్చుకునేదీ లేనిదీ, పాలు ఎంతసేపు ఆపాలన్నదీ న్యూక్లియర్ మెడిసిన్ వైద్యులు నిర్ణయిస్తారు.

## ఫలితం వచ్చాక

చిత్రంలో రెండు కిడ్నీలూ నల్లగా కమ్ముకున్నాయి. క్యాన్సర్ అక్కడికీ పాకిందా?

పాకిందనడానికి అది ఆధారం కాదు. తెల్లని నేపథ్యం మీద నల్లని మచ్చలుగా ముద్రించే ఈ చిత్రంలో, ఎవరికి తీసినా అన్నిటికన్నా ముదురుగా కనిపించేవి కిడ్నీలే. వడపోతలో జారిన నానోబాడీని కిడ్నీ నాళికల్లోని కణాలు తిరిగి పీల్చుకుని కొంతసేపు పట్టి ఉంచుతాయి. ఆ కణాలకు చిన్న ప్రొటీన్లను వృథా పోనివ్వకుండా ఏరుకునే స్వభావం ఉంది. మూత్రాశయం కూడా ముదురుగానే ఉంటుంది. కాలేయం, పేగులు ఓ మోస్తరుగా కనిపిస్తాయి. చిత్రాన్ని చేతిలోకి తీసుకోగానే ఈ మచ్చలు చూసి బెంబేలెత్తిపోయేవారే ఎక్కువ. అందుకే ఫిల్మ్ కన్నా ముందు రిపోర్టు చదవమని, వీలైతే రెండూ వైద్యుడి ఎదుటే చూడమని చెబుతాము.

ఏ మచ్చా వెలగలేదు. క్యాన్సర్ పోయినట్టేనా?

అలా అనుకోకూడదు. హెర్-2 లేని క్యాన్సర్ కూడా ఉంటుంది, అది ఈ చిత్రంలో కనిపించదు. గడ్డ కొన్ని మిల్లీమీటర్లే ఉంటే పెట్ యంత్రం దాన్ని పట్టుకోలేకపోవచ్చు. అందుకే దీన్ని సీటీ, ఎఫ్‌డీజీ స్కాన్‌లతో పక్కపక్కన పెట్టి చదువుతారు. ఎఫ్‌డీజీలో వెలిగి, నానోబాడీతో వెలగని గడ్డ వైద్యుడికి అతి ముఖ్యమైన సూచన. అక్కడ జబ్బు చురుకుగా ఉంది, కానీ హెర్-2ను గురిపెట్టే మందు దాని మీద పనిచేస్తుందన్న నమ్మకం తక్కువ. మళ్లీ బయాప్సీ చేయాలంటే ఏ గడ్డను ఎంచుకోవాలో కూడా దీనితో తేలుతుంది.

రిపోర్టులో ఎస్‌యూవీ అనే అంకె ఉంది. ఎంత ఉంటే పాజిటివ్?

ఎక్కించిన మందు ఒళ్లంతా సమానంగా పరుచుకుంటే ఉండవలసిన దానికన్నా ఆ చోట ఎన్ని రెట్లు చేరిందో ఎస్‌యూవీ చెబుతుంది. బ్రస్సెల్స్ పరీక్షలో రొమ్ములోని గడ్డల సగటు విలువ 0.7 నుంచి 11.8 దాకా ఉంది. తేడా అంతగా ఉన్నప్పుడు, ఈ అంకె దాటితే పాజిటివ్ అని గీత గీయడం తేలిక కాదు. అందరూ అంగీకరించిన హద్దు ఇంకా ఏర్పడలేదు. ఒక కేంద్రంలో వచ్చిన అంకెను మరో కేంద్రంలోని అంకెతో పోల్చుకుని సంతోషపడడమో దిగులుపడడమో చేయకండి.

మెదడుకు పాకినదాన్ని కూడా చూపిస్తుందా?

మెదడుకూ రక్తానికీ మధ్య గట్టి అడ్డుగోడ ఉంటుంది. ఆరోగ్యమైన మెదడులోకి నానోబాడీ కూడా పెద్దగా వెళ్లదు. గడ్డ పెరిగిన చోట ఆ గోడ కొంత చెదిరి ఉంటుంది కాబట్టి మందు అక్కడికి చేరి, చుట్టూ ఖాళీగా ఉన్న మెదడు మధ్య గడ్డ స్పష్టంగా కనిపించే అవకాశం ఉంది. హెర్-2 క్యాన్సర్ ముదిరినవారిలో మెదడుకు పాకడం తరచుగా జరిగేదే, సూదితో ముక్క తీయడం కష్టమయ్యేదీ అక్కడే. అందుకే బ్రస్సెల్స్ బృందం రెండో దశలో మెదడు గడ్డల కోసం ప్రత్యేకంగా ఒక పరీక్ష చేపట్టింది. కాలేయం సంగతి దీనికి విరుద్ధం: అది తనంతట తాను కొంత వెలుగుతుంది కాబట్టి అందులోని చిన్న గడ్డలు మరుగున పడవచ్చు.

మా అక్క రిపోర్టులో "హెర్-2 లో" (లో అంటే తక్కువ) అని ఉంది. ఆమెకు ఇది పనికొస్తుందా?

ఐహెచ్‌సీలో 1+, లేదా 2+ ఉండి ఫిష్‌లో నెగటివ్ వచ్చినవాటిని హెర్-2 లో అంటున్నారు. ట్రాస్టుజుమాబ్ డెరుక్స్‌టెకాన్ మందు ఈ వర్గానికీ మేలు చేస్తుందని తేలాక 2022లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. దాంతో కొద్దిపాటి హెర్-2ను కూడా నమ్మకంగా కొలవవలసిన అవసరం పెరిగింది. ప్రొటీను తక్కువగా ఉన్న గడ్డను పరిసరాల నుంచి వేరుచేసి చూపడం ఏ స్కాన్‌కైనా కష్టమే. ప్రస్తుతానికి ఆమె చికిత్స బయాప్సీ ఆధారంగానే సాగాలి.

## అందుబాటు, మిగతా దారులు

హైదరాబాదులో ఈ స్కాన్ చేస్తారా? ఎంతవుతుంది?

ఎంఆర్‌ఐ, ఎఫ్‌డీజీలలాగా డబ్బు కట్టి చేయించుకునే మామూలు పరీక్షగా ఇది ఎక్కడా స్థిరపడలేదు. ఈస్ట్రోజెన్ గ్రాహకాలను చూపే ఫ్లోరిన్-18 మందుకు అమెరికాలో 2020లోనే అనుమతి వచ్చినా, హెర్-2 స్కాన్ మందులు ఇంకా పరిశోధన గడప దాటలేదు. ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం గాలియం-68 పీఎస్‌ఎంఏ స్కాన్లు హైదరాబాదులో ఇప్పటికే జరుగుతున్నాయి కాబట్టి యంత్రాలు, గాలియం, నేర్పున్న సిబ్బంది ఇక్కడ కొరత కావు. కావలసింది శుద్ధమైన నానోబాడీ సరఫరా, పరిశోధనకు అనుమతులు. ఎవరైనా ఇది సాధారణ పరీక్షే అని చెప్పి డబ్బు అడిగితే అనుమానించండి.

ట్రిపుల్ నెగటివ్ క్యాన్సర్‌కు ఇది ఉపయోగపడుతుందా?

ఆ రకంలో హెర్-2 గురి ఉండదు కాబట్టి హెర్-2 నానోబాడీ ఉపయోగపడదు. వేరే గురులకు వేరే నానోబాడీలను తయారుచేస్తున్నారు. గడ్డలో చేరి దానికే కొమ్ముకాసే ఒక రకం మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలను గుర్తించే నానోబాడీని బ్రస్సెల్స్‌లోనే రోగుల్లో మొదటి దశ పరీక్షకు తెచ్చారు.

అఫిబాడీ అన్నా ఇదేనా?

రెండూ చిన్నవే, పుట్టుక మాత్రం వేరు. అఫిబాడీ 58 అమైనో ఆమ్లాల ప్రొటీను, బరువు దాదాపు 7 కిలోడాల్టన్లు. దాని మూలం స్టెఫిలోకాకస్ బ్యాక్టీరియాలోని ప్రొటీన్-ఎ, యాంటీబాడీ కాదు. స్వీడన్‌లోని ఉప్సాలాలో ఏబీవై-025 అనే అఫిబాడీతో హెర్-2 చిత్రాలు తీశారు.

స్కాన్‌కు వాడే అణువుతోనే చికిత్స కూడా చేయవచ్చా?

ఆ ప్రయత్నం మొదలైంది. గాలియం స్థానంలో అయోడిన్-131ను తగిలిస్తే అదే హెర్-2 నానోబాడీ గడ్డ దగ్గరికి రేడియేషన్‌ను మోసుకెళ్తుంది. దీన్ని కూడా రోగుల్లో మొదటి దశలో పరీక్షించారు. ఇక్కడ పెద్ద చిక్కు కిడ్నీలతోనే. స్కాన్ మోతాదులో కిడ్నీలు వెలిగితే ఇబ్బంది లేదు గానీ, చికిత్స మోతాదు అక్కడ నిలిచిపోతే అవి దెబ్బతింటాయి. అందుకని కిడ్నీ కణాలు నానోబాడీని జీర్ణం చేసుకోగానే అయోడిన్ విడివడి మూత్రంలోకి పోయే రసాయన బంధాన్ని ఎంచుకున్నారు.

ఇలాంటి పరిశోధనలో చేరమని అడిగితే సంతకం పెట్టేముందు ఏం చూసుకోవాలి?

మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ వివరాలను క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియాలో నమోదు చేయడం 2009 జూన్ 15 నుంచి తప్పనిసరి. ఆ నంబరు అడిగి, వెబ్‌సైటులో సరిచూసుకోండి. అంగీకారపత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి, తెలుగు ప్రతి కావాలని అడగడానికి మొహమాటపడనక్కరలేదు. స్కాన్ ఫలితాన్ని మీ క్యాన్సర్ వైద్యుడికి ఇస్తారా, లేక పరిశోధన లెక్కలకే ఉంచుకుంటారా అన్నది తప్పక అడగండి, ఎందుకంటే తొలి దశ పరీక్షల్లో ఫలితాన్ని చికిత్సకు వాడకపోవచ్చు. స్కాన్ కోసం మీ కీమో తేదీ వెనక్కి జరుగుతుందా, బీమా లేదా ఆరోగ్యశ్రీ కింద నడుస్తున్న చికిత్సకు ఏమైనా అడ్డు వస్తుందా, ట్రయల్ వల్ల హాని కలిగితే వైద్యం, పరిహారం ఎవరిస్తారు అన్నవి కూడా పత్రంలో వెతకండి. చేరాక ఎప్పుడైనా కారణం చెప్పకుండానే విరమించుకోవచ్చు. దానివల్ల మీకు అందుతున్న మామూలు చికిత్స ఆగకూడదు.